డయాలిసిస్ రోగి - ఎముకల రక్షణ

మూత్రపిండములు చెడి డయాలిసిస్ చికిత్స పొందుచున్నవారు గల యింట అందరి దృష్టియు రెండు మూడు విషయములపైననే నిలిచియుండును. త్రాగిన నీరెంత, తిన్న ఉప్పెంత, యంత్రమునొద్దకు పోవునప్పటి బరువెంత - ఇవియే నిత్యము జరుగు విచారణలు. ఆ రోగి యెముకలను గూర్చి యడుగువారు అరుదు. నడుమునకు ఇరువైపుల నుండు మూత్రపిండములకును కాలిలోని యెముకకును సంబంధమేమి యని తోచుట సహజమే. కాని కొన్ని యేండ్లు గడచిన పిమ్మట ఆ రోగి మెట్లెక్కుటకు కష్టపడవచ్చును. పీటమీదినుండి లేచుటకు చేతి యూత కోరవచ్చును. కాలు జారి చిన్నగా పడినంతమాత్రమున తుంటి యెముక విరుగవచ్చును. ఇంటివారు అది వయసువలన కలిగిన బలహీనత యనుకొని, ఎముకలు గట్టిపడుటకై పాలు, నువ్వులుండలు, రాగిజావ, మేకకాళ్ళ పులుసు ఎక్కువగా పెట్టుదురు. ప్రేమతో చేయు ఈ పని యీ రోగి విషయమున మేలు చేయకపోగా కీడు చేయు నవకాశము కలదు. అది యెట్లు జరుగునో, ఎముకను నిజముగా కాపాడునది యేదో విశదీకరించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

డయాలిసిస్ అనగా రోగి రక్తమును శరీరము వెలుపలికి తెచ్చి, సన్నని రంధ్రములుగల కృత్రిమపు పొర ప్రక్కగా ప్రవహింపజేసి, అందలి మలినములను మరియొక ద్రవములోనికి దిగజార్చి, శుభ్రపడిన రక్తమును తిరిగి శరీరములోనికి పంపుట. హాలెండు దేశమునందలి కాంపెన్ పట్టణమున విలెమ్ కోల్ఫ్ అను వైద్యుడు 1943లో, జర్మనీ సైన్యముల యాక్రమణ కాలముననే, సాసేజీల తొడుగునకు వాడు సెల్లోఫేన్ గొట్టమును కొయ్యపీపాకు చుట్టి మొదటి కృత్రిమ మూత్రపిండమును నిర్మించెను. ఆ యంత్రముతో ప్రాణము దక్కిన మొదటి రోగి 1945లో గాని లభింపలేదు. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతియందు టెఫ్లాన్ గొట్టమును శాశ్వతముగా అమర్చుటతో, ఒకే రోగికి మరల మరల చికిత్స చేయుట సాధ్యమయ్యెను. ఆయన చికిత్స చేసిన మొదటి రోగి 11 సంవత్సరములు జీవించెను.

మన ప్రాంతమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమువలనను, 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ డయాలిసిస్ కార్యక్రమమువలనను ఈ చికిత్స పేదలకు గూడ అందుబాటులోనికి వచ్చినది. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందు కవిటి, సోంపేట, మందస మున్నగు మండలములలో కొబ్బరితోటల నడుమ నున్న పల్లెలలో సహితము డయాలిసిస్ అను మాట తెలియనివారు లేరు. అచ్చటి మూత్రపిండవ్యాధికి కారణము నేటికిని నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. రోగి కొన్ని వారములు మాత్రమే బ్రదుకు కాలమున అతని యెముకలను గూర్చి చింతింప నవసరము లేకుండెను. ఏండ్ల తరబడి బ్రదుకుట సాధ్యమైన ఈ కాలమున ఆ బ్రదుకు నిలబడి నడచు బ్రదుకా, మంచమునంటిన బ్రదుకా యన్నది చాలవరకు ఎముకలపైన ఆధారపడియున్నది.

ఎముక యనగానే ఎండినకఱ్ఱవంటి నిర్జీవపదార్థమని పలువురు భావింతురు. నిజమునకు ఎముక సజీవమైనది. అందులో పాతభాగమును కరిగించు కణములు కొన్ని, క్రొత్తభాగమును నిర్మించు కణములు కొన్ని రాత్రింబవళ్ళు పనిచేయుచునే యుండును. పాతగోడను కొంచెముకొంచెముగా విప్పి, ఆ చోటనే క్రొత్తయిటుకలు పేర్చు తాపీపని వంటిది అది. అదియును గాక ఎముక యొక గాదె. మన శరీరమునందలి కాల్షియములో నూటికి 99 వంతులును, భాస్వరములో నూటికి 85 వంతులును అందే నిలువయుండును. గుండె కొట్టుకొనుటకును, కండరములు ముడుచుకొనుటకును, నరములు సందేశములు పంపుటకును రక్తములో కొలదిపాటి కాల్షియము తప్పనిసరి. ఆ పరిమాణము 100 మిల్లీలీటర్ల రక్తరసమునకు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల లోపల నుండవలెను. అది తగ్గినచో శరీరము ఎముకయను గాదె తలుపు తెరచి కావలసినది తీసికొనును. గుండె నిలుచుట ముఖ్యము గనుక ఎముక త్యాగము చేయక తప్పదు.

ఈ గాదెకు తాళపుచెవి కంఠమునందున్న నాలుగు చిన్న గ్రంథుల చేతిలో నున్నది. వానిని పారాథైరాయిడ్ గ్రంథు లందురు. ఒక్కొక్కటి కందిగింజ కంటె ఎంతో పెద్దది కాదు. లండను జంతుప్రదర్శనశాలలో మరణించిన మన భారతదేశపు ఖడ్గమృగమును 1850 ప్రాంతమున కోసి పరీక్షించుచు రిచర్డ్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు మొదట ఇట్టి గ్రంథిని గమనించెను. మానవులలో వీనిని 1880లో స్వీడను దేశపు ఉప్సలా విశ్వవిద్యాలయమునందు వైద్యవిద్యార్థిగా నుండిన ఐవర్ శాండ్‌స్ట్రోమ్ వర్ణించెను. రక్తములో కాల్షియము తగ్గిన క్షణముననే ఈ గ్రంథులు ఒక రసమును విడుదల చేయును. ఆ రసము ఎముకనుండి కాల్షియమును రప్పించును. మూత్రములో కాల్షియము పోకుండ అడ్డుకొనును. భాస్వరమును బయటికి పంపుమని మూత్రపిండములను హెచ్చరించును.

ఇచ్చటనే మూత్రపిండముల ప్రాముఖ్యము బయటపడుచున్నది. మూత్రపిండము కేవలము వడపోత యంత్రము కాదు. మన చర్మముపైన ఎండ తగిలినప్పుడు పుట్టు విటమిన్-డి మొదట కాలేయమునందు ఒక మార్పును, పిదప మూత్రపిండమునందు మరియొక మార్పును పొందిన గాని పనికిరాదు. ఈ రెండవ మార్పు మూత్రపిండముననే జరుగునని కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కోడిచెక్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు 1970లో నిరూపించిరి. ఆ మార్పు పొందిన విటమినే ప్రేగులనుండి కాల్షియమును రక్తములోనికి చేర్చునది. కావున మూత్రపిండములు చెడినవాడు దినమంతయు ఎండలో తిరిగినను, అతని శరీరమున విటమిన్-డి చాలినంత పనిచేయదు. ఇది మొదటి నష్టము.

రెండవ నష్టము భాస్వరమునకు సంబంధించినది. మనము తిను ప్రతి యాహారములోను భాస్వరము కొంత యుండును. ఆరోగ్యవంతుని మూత్రపిండములు ఎక్కువైన భాస్వరమును ఎప్పటికప్పుడు మూత్రమున విడిచిపెట్టును. మూత్రపిండములు చెడిన కొలదియు అది రక్తములో పేరుకొనును. అంతట ఎముకయే ఒక సందేశరసమును పంపి, భాస్వరమును త్రోసివేయుమని మిగిలిన మూత్రపిండభాగమును తొందరపెట్టును. 2000 సంవత్సరమున గుర్తింపబడిన ఈ రసము మంచి చేయబోయి మరియొక చిక్కు తెచ్చుచున్నది. విటమిన్-డి తయారగుటను అది ఇంకను తగ్గించును. ఒకవంక భాస్వరము హెచ్చి, మరియొకవంక విటమిన్-డి లోపించి, రక్తములో కాల్షియము తగ్గుముఖము పట్టగా, కంఠములోని నాలుగు గ్రంథులును ఊరక యుండవు. అవి పెరిగి పెద్దవై విరామము లేకుండ రసమును స్రవించును. గాదె తలుపులు మూయువారే లేక తెరచియే యుండును. ఇదంతయు డయాలిసిస్ ఆరంభింపక ముందే, కొన్ని యేండ్లుగా, నొప్పియైనను తెలియకుండ జరుగుచుండును.

ఇట్లు కొల్లగొట్టబడిన యెముకలో కరిగించు కణములును నిర్మించు కణములును వేగిరపాటుతో పనిచేయును. కట్టినది గట్టిపడకముందే మరల విప్పబడును. అట్టి యెముక పైకి ఎముకవలెనే కనబడినను లోపల నారపోగులవలె బలహీనమై యుండును. దీనికి సరిగా వ్యతిరేకమైన స్థితియు నొకటి కలదు. కాల్షియము, విటమిన్-డి మందులు మితిమీరి వాడినప్పుడు ఆ గ్రంథులు పూర్తిగా అణగిపోయి, ఎముకలో పని యంతయు నిలిచిపోవును. మరమ్మతు లేని యింటిగోడవలె అట్టి యెముక గూడ బీటలువారును. కావున డయాలిసిస్ రోగియొక్క ఎముకవ్యాధి యొకటి కాదు. వేరువేరు చికిత్సలు కోరు అనేక వ్యాధుల గుంపు. ఒకరికి పనిచేసిన మందు మరియొకరికి పనికిరాదనుట ఇందువలననే.

మరియొక విశేషము తెలిసికొనవలసియున్నది. గాదెనుండి వెలువడిన కాల్షియము, బయటికి పోని భాస్వరముతో కలిసి, ఉండరానిచోట చేరును. ధమనుల గోడలలోను, గుండె కవాటములలోను, కీళ్ళచుట్టును సున్నమువలె గట్టిపడును. ఎముక మెత్తబడుచుండ రక్తనాళము ఎముకవలె గట్టిపడుట ఈ వ్యాధియొక్క విచిత్రలక్షణము. డయాలిసిస్ రోగులలో గుండెజబ్బులు ప్రబలుటకు గల కారణములలో ఇది యొకటి. అందుచేతనే 2006లో అంతర్జాతీయ వైద్యనిపుణులు ఎముక, రక్తములోని ఖనిజములు, రక్తనాళములు - ఈ మూటిని వేరుచేయక ఒకే వ్యాధిగా పరిగణింపవలెనని నిర్ణయించిరి. ఎముకను కాపాడుట గుండెను కాపాడుటతో సమానమని దీని తాత్పర్యము.

చికిత్సయే ఎముకకు శత్రువైన సందర్భము గూడ చరిత్రలో నున్నది. 1970 దశకమున ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునందు డయాలిసిస్ పొందుచున్న పలువురు రోగులు ఎముకల నొప్పులతో కదలలేకపోయిరి. పక్కటెముకలును తొడయెముకలును కారణము లేకుండ విరుగుచుండెను. విటమిన్-డి యిచ్చినను గుణము కనిపింపలేదు. దోషము యంత్రమునకు వాడు నీటియందున్నదని, అందులోని అల్యూమినియమే ఇందుకు కారణమై యుండునని అచ్చటి వైద్యులు 1978లో ప్రకటించిరి. మన పల్లెలలో బురదనీరు తేరుటకు పటిక త్రిప్పుట అందరెరిగినదే. పట్టణముల నీటిసరఫరాలో గూడ అట్టి అల్యూమినియపు లవణమునే వాడుదురు. త్రాగువానికి దానివలన ప్రమాదము లేదు. ప్రేగులు దానిని లోనికి రానీయవు. కాని డయాలిసిస్ రోగియొక్క రక్తము ఒక్కొక్క పర్యాయము 4 గంటలలో దాదాపు 120 లీటర్ల ద్రవమునకు ఎదురుగా ప్రవహించును. మధ్యనుండునది పలుచని పొర మాత్రమే. అల్యూమినియము నేరుగా రక్తములో చేరి ఎముకలో పేరుకొని, దానిని గట్టిపడనీయలేదు. నీటిని ప్రత్యేకముగా శుద్ధిచేయు పరికరములు వచ్చిన తరువాత ఆ వ్యాధి చాలవరకు తొలగిపోయినది. డయాలిసిస్ కేంద్రములలో నీటిశుద్ధి యంత్రమునకు ఇచ్చు ప్రాధాన్యము వెనుక ఇంతటి అనుభవము కలదు. కడుపుమంటకని దుకాణమున కొనితెచ్చు కొన్ని తెల్లని ద్రవౌషధములలో అల్యూమినియము ఉండును గనుక, వానిని ఈ రోగులు వైద్యునడుగక త్రాగరాదు.

యంత్రము రక్తమును శుద్ధి చేయుచుండగా భాస్వరమునకు వేరుగా చింతయెందుకని కొందరు ప్రశ్నింపవచ్చును. ఉజ్జాయింపుగా ఒక లెక్క వేసిన విషయము తేటపడును. సామాన్యమైన భోజనమున రోజునకు 1000 మిల్లీగ్రాముల భాస్వరముండుననుకొందము. అందులో సుమారు 600 మిల్లీగ్రాములు రక్తములో చేరును. వారమునకు 4200 మిల్లీగ్రాములైనవి. ఒక్కొక్క డయాలిసిస్ సుమారు 800 మిల్లీగ్రాములను మాత్రమే తొలగింపగలదు. వారమునకు 3 పర్యాయములు చేయించుకొన్నచో 2400. తక్కిన 1800 మిల్లీగ్రాములు శరీరముననే నిలిచిపోవుచున్నవి. ఖర్చుకో, ప్రయాణమునకో వెరచి వారమునకు 2 పర్యాయములే చేయించుకొనువారి యందు నిలువ 2600 అగును. భాస్వరములో అధికభాగము ఎముకలలోను కణములలోను దాగియుండి, రక్తములో తేలియాడునది స్వల్పమగుటచేత, యంత్రము మొదటి గంట రెండుగంటలలో తీసినంత వేగముగా తరువాత తీయలేదు. చికిత్స ముగిసిన కొలదిసేపటికే దాగియున్న భాస్వరము మరల రక్తములోనికి వచ్చును. కావున మిగిలిన భారమును మోయవలసినవి వంటిల్లును, మాత్రయును.

వంటింటి విషయమున మొదట చెప్పవలసినది, భాస్వరమునకు భయపడి రోగిని పస్తుంచరాదను మాట. డయాలిసిస్ ఆరంభింపకముందు మాంసకృత్తులను తగ్గించుమని వైద్యులు చెప్పియుందురు. ఆరంభించిన తరువాత ఆ నియమము మారును. ప్రతి చికిత్సలోను కొంత పోషకద్రవ్యము నష్టమగును గనుక, బరువులో కిలో ఒక్కింటికి రోజునకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 50 కిలోల మనిషికి 50 నుండి 60 గ్రాములన్నమాట. పాతనియమమునే పట్టుకొని చారు అన్నముతో సరిపెట్టుకొను రోగి కండలు కరిగి, ఎముకకు ఆసరాయే లేకుండ పోవును. మాంసకృత్తులు హెచ్చుగను, భాస్వరము తక్కువగను ఉండు పదార్థములను ఎన్నుకొనుటయే నేర్పు. గ్రుడ్డులోని తెల్లసొన ఇందులకు శ్రేష్ఠమైనది. ఒక గ్రుడ్డు తెల్లసొనయందు 3.5 గ్రాముల మాంసకృత్తులున్నవి. భాస్వరము దాదాపు లేదు. అది యంతయు పచ్చసొనలోనే యున్నది.

భాస్వరమంతయు ఒకేరీతిగా ఒంటబట్టదు. పప్పులు, గింజలు మున్నగు మొక్కల యాహారములోని భాస్వరము సగముకంటె తక్కువగానే రక్తములో చేరును. పాలు, మాంసము, చేపలలోనిది అంతకంటె ఎక్కువగా చేరును. కార్ఖానాలలో నిలువకొరకును, రుచికొరకును, మెత్తదనముకొరకును కలుపు ఫాస్ఫేటులు నూటికి 90 వంతులకుపైగా చేరును. నల్లని శీతలపానీయములు, డబ్బాలలోని జున్ను, నిలువచేసిన మాంసపదార్థములు, పొట్లములలో వచ్చు కొన్ని చిరుతిండ్లు ఈ జాతిలోనివి. పొట్లముపైని వివరములలో 338 నుండి 341 వరకుగాని, 450 నుండి 452 వరకుగాని సంఖ్యలు కనిపించినచో అందు ఫాస్ఫేటు కలదని గ్రహింపవలెను. పప్పన్నమును మానిపించి, పిల్లలు తెచ్చుకొన్న శీతలపానీయమును ఒక గ్లాసు ఇచ్చుట చిల్లరను దాచి మూటను పారవేయుట వంటిది.

పప్పును చాలసేపు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, క్రొత్తనీటిలో ఉడికించి, ఆ నీటిని గూడ వంచివేసినచో భాస్వరము, పొటాసియము రెండును కొంత తగ్గును. మన యిండ్లలో ఉడికిన పప్పుమీది కట్టును వృథా చేయక చారు కాచుదురు. తక్కినవారికి అది బలకరము. డయాలిసిస్ రోగికి విడిచిపెట్టదగినది. పాలు, పెరుగు పూర్తిగా మాననక్కరలేదు. వైద్యుడు చెప్పిన కొలతకు లోబడి యుండవలెను. 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 180 మిల్లీగ్రాముల భాస్వరము కలదు. పలాస జీడిపప్పునకు పేరుపొందిన చోటు. అచ్చటి రోగికి అది చేతికందునంత దూరముననే యుండును. అయినను 30 గ్రాముల జీడిపప్పులో సుమారు 150 మిల్లీగ్రాముల భాస్వరము కలదని గుర్తుంచుకొనవలెను. నువ్వులు, ఎండుచేపలు గూడ ఈ కోవలోనివే. మేకకాళ్ళ పులుసు ఎముకకు ఎముకను చేర్చునను నమ్మకము చాల పాతది. ఆ పులుసులో కరిగివచ్చు కాల్షియము అత్యల్పము. దానితో లోనికి పోవు నీరును ఉప్పును మాత్రము అధికము.

ఇక మాత్రల సంగతి. భాస్వరమును ప్రేగులలోనే పట్టుకొని మలముతో బయటికి కొనిపోవు మాత్రలను వైద్యులు వ్రాసియిత్తురు. కాల్షియము కార్బొనేట్, కాల్షియము అసిటేట్, సెవెలమర్, లాంథనమ్ అనునవి యిట్టివి. సరిగా వాడినచో ఇవి రోజునకు సుమారు 200 నుండి 300 మిల్లీగ్రాముల భాస్వరమును ఆపగలవు. పై లెక్కలో వారమునకు 3 పర్యాయములు చికిత్స పొందువానియందు మిగిలిపోయిన 1800 మిల్లీగ్రాములను రోజులకు పంచినచో ఇంచుమించు అంతయే యగుట గమనింపదగినది. కాని ఈ మాత్రలు పనిచేయునది అన్నముతో కలిసినప్పుడు మాత్రమే. వలలో చేప చిక్కవలెనన్న, చేపలున్నచోట వల వేయవలెను గదా. పొద్దున లేచి పరగడుపున తక్కిన మందులతోపాటు మ్రింగిన మాత్ర పట్టుకొనుటకు అచ్చట భాస్వరమే లేదు. భోజనము మధ్యనో, భోజనముతోపాటో వేసికొనవలెను. పెద్దభోజనమునకు ఎక్కువ, ఉపాహారమునకు తక్కువ చొప్పున వైద్యుడు పంచియిచ్చిన ప్రకారము నడుచుకొనవలెను. పెండ్లి భోజనమునకు పోవునప్పుడు మాత్రను జేబులో వేసికొని పోవుట మరువరాదు. అన్నము వడ్డించువారే మాత్రను గూడ కంచముప్రక్కన పెట్టు అలవాటు చేసికొన్నచో ఏ యింటనైనను ఇది సులభముగా సాగును.

ఎముకలు బలహీనమైనవని తెలియగానే కాల్షియము బిళ్ళలు, విటమిన్-డి పొడి పొట్లములు, బలమిచ్చు టానిక్కులు స్వయముగా కొని వాడుట మిక్కిలి ప్రమాదకరము. ఎముక గాదె కొల్లపోవుచున్నది కాల్షియము తినకపోవుటచేత మాత్రమే కాదు. భాస్వరము, విటమిన్-డి, పారాథైరాయిడ్ రసము - ఈ మూటి సమతూకము చెడుటచేత. తూకము సరిచేయక కాల్షియమును కుమ్మరించినచో అది ఎముకలో చేరక రక్తనాళములలో చేరును. దుకాణమున దొరకు సాధారణ విటమిన్-డి వేరు. మూత్రపిండము చేయవలసిన మార్పు ముందే చేయబడిన కాల్సిట్రయోల్ వంటి మందు వేరు. దేనిని, ఎంత, ఎన్నాళ్ళు వాడవలెనో రక్తపరీక్షను బట్టి వైద్యుడే నిర్ణయింపవలెను. ముసలితనపు ఎముకక్షయమునకు ఆరునెలల కొకమారు ఇచ్చు డెనోసుమాబ్ అను సూదిమందు డయాలిసిస్ రోగులలో రక్తపు కాల్షియమును ప్రాణాపాయకరముగా తగ్గింపగలదని అమెరికా ఔషధనియంత్రణ సంస్థ 2024 జనవరిలో తీవ్రమైన హెచ్చరికను జారీచేసినది. అందుచేత ఎముకల వైద్యునొద్దకు పోయినప్పుడు, తాము డయాలిసిస్‌లో నున్నట్లు మొదటి మాటగా చెప్పవలెను. అట్లే నొప్పి మాత్రలను ఎవరికివారు కొని మ్రింగరాదు.

ఈ వ్యాధి చాలకాలము మూగది. నొప్పి కనిపించునప్పటికి ఎముకయొక్క నష్టము చాలదూరము సాగియుండును. కావున పరీక్షలే దానికి నోరు. రక్తములో కాల్షియమును, భాస్వరమును 1 నుండి 3 నెలలకొకమారును, పారాథైరాయిడ్ రసమును 3 నుండి 6 నెలలకొకమారును చూపించుకొనుట ఆచారము. భాస్వరము సహజముగా 2.5 నుండి 4.5 వరకుండును, డయాలిసిస్ రోగులలో 5.5 దాటకుండ చూచుటకు వైద్యులు ప్రయత్నింతురు. పారాథైరాయిడ్ రసము మాత్రము ఆరోగ్యవంతుని గరిష్ఠపరిమితికి 2 నుండి 9 రెట్ల మధ్య నుండవచ్చునని అంతర్జాతీయ నిర్ణయము. ఈ రోగుల యెముక ఆ రసమునకు త్వరగా స్పందింపదు గనుక ఇంత వెసులుబాటు ఇచ్చిరి. ఒక్క పరీక్షను చూచి బెదరిపోరాదు, తేలికపడరాదు. అంకె క్రమముగా పైకి పోవుచున్నదా, క్రిందికి వచ్చుచున్నదా యని చూడవలెను. అందులకై పరీక్షాఫలితములను తేదీలవారీగా ఒక పుస్తకమున వ్రాసియుంచి, ప్రతి పర్యాయము వైద్యునకు చూపుట మంచిపద్ధతి.

ఎడతెగని దురద, ఎముకలలో లోతైన నొప్పి, తొడకండరముల నీరసము, కండ్లు ఎఱ్ఱబడుట, చర్మముక్రింద గట్టి గడ్డలు - ఇవి కనిపించినచో భాస్వరమో, పారాథైరాయిడ్ రసమో మితిమీరినదేమో యని అనుమానింపవలెను. ఆహారము, మాత్ర, విటమిన్-డి వలన ఆ గ్రంథులు లొంగనప్పుడు వానిని శాంతింపజేయు సినకాల్సెట్ వంటి మందులున్నవి. వానికిని లొంగనప్పుడు శస్త్రచికిత్స చేసి గ్రంథులను చాలవరకు తీసివేయుదురు. కొందరిలో ఒక చిన్నముక్కను ముంజేతిలో నాటుదురు. మూత్రపిండమార్పిడి జరిగినవారిలో ఈ చిక్కులు చాలవరకు చక్కబడును గాని, ఏండ్లుగా పెరిగిన గ్రంథులు వెంటనే పూర్వస్థితికి రాకపోవచ్చును. కావున మార్పిడికై ఎదురుచూచువారు గూడ నేటినుండియే జాగ్రత్తపడుట యవసరము.

ఎముకను లోపలినుండి కాపాడుటతోపాటు పడిపోకుండ చూచుట గూడ ముఖ్యము. డయాలిసిస్ రోగులలో తుంటి యెముక విరుగుట తక్కినవారిలోకంటె దాదాపు నాలుగు రెట్లు అధికము. యంత్రమునుండి లేచిన దినమున రక్తపుపోటు తగ్గి తల తిరుగుట సామాన్యము. ఆ దినమున కొంతసేపు కూర్చుండి, పిమ్మట మెల్లగా లేచి, మరియొకరి తోడుతో ఇల్లు చేరవలెను. స్నానపుగదిలో నాచు లేకుండ చూచి, గోడకు పట్టుకొను కడ్డీ నమర్చి, రాత్రివేళ మంచమునుండి దొడ్డివైపు పోవు దారిలో చిన్నదీపము వెలుగునట్లు చేయుటకు పెద్దఖర్చు కాదు. వైద్యుని అనుమతితో ప్రతిదినము కొంతదూరము నడచుట కండరములకును ఎముకలకును బలము. వాడని యెముక త్వరగా చెడును.

ఇంతవరకు చెప్పినదాని సారాంశము క్లుప్తమైనది. ఆరోగ్యవంతుని యెముకకు కావలసినది కాల్షియము. డయాలిసిస్ రోగి యెముకకు ముందుగా కావలసినది రక్తమున భాస్వరము అదుపులో నుండుట. ఆ యదుపు మూడుచోట్ల నున్నది. చికిత్సను ఒక్క పర్యాయమైనను మానకుండ, నిర్ణీతకాలము పూర్తియగువరకు యంత్రముపై నుండుట మొదటిది. వంటింట పొట్లపు తిండ్లను విడిచి, మాంసకృత్తులను విడువకుండుట రెండవది. ప్రతి భోజనముతోను మాత్రను వేసికొనుట మూడవది. వీనిలో వైద్యుని చేతిలో నున్నది కొంత. తక్కినదంతయు ఇంటివారి చేతిలో నున్నది. రోగికి వడ్డించునప్పుడు బలమైన పదార్థము పెట్టితిమా యని గాక, అతని రక్తమునకు తగిన పదార్థము పెట్టితిమా యని యోచించు ఇల్లాలు అతని యెముకలకు ఏ టానిక్కును చేయలేని మేలు చేసినదగును.